మిట్టమధ్యాహ్నం బందుకాని మోటరు

శవం బావిలో ఉంది.

ఏప్రిల్ తొమ్మిది. మధ్యాహ్నం ఒంటిగంటా యాభై నిమిషాలు. జహీరాబాద్ నుంచి ఝరాసంగం పోయే రోడ్డు దిగి, మట్టిబాటలో రెండు కిలోమీటర్లు. చుట్టూ చెరుకు. నలభై అడుగుల బావి. అడుగున నడుం దాకా నీళ్లు. ఆ నీళ్లలో బోర్లా పడి ఉన్నాడు రైతు నాగప్ప. వయసు నలభై ఏడు.

ఒడ్డున ఒక గుంజకు బిగించిన స్టార్టర్ డబ్బా. రేకుది. దాని గొళ్లేనికి ఎర్రగళ్ల తువ్వాల ముడివేసి ఉంది.

ఎస్సై శోభారాణి చూపు ముందు ఆ తువ్వాల మీద పడింది.

"ఇదేంది రామ్‌కిషన్ గారూ?"

హెడ్ కానిస్టేబుల్ రామ్‌కిషన్ పుట్టింది ఆ పక్క ఊళ్లోనే. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది ఈడి రివాజు మేడం. మనిషి బాయిల దిగిండంటే డబ్బకు తువ్వాల కడ్తడు. అది చూసినోడు ఎవ్వడు మోటర్ ఆన్ చెయ్యడు. మా నాయిన కాలం సంది గంతే."

"తువ్వాల కట్టే ఉంది. ఆయన మాత్రం పోయిండు."

రామ్‌కిషన్ డబ్బా మీద నిలబడ్డ జానెడు తీగను చూపించాడు. యాంటెన్నా.

"ఇది రిమోట్ మోటర్ మేడం. ఇంటి కాడ కూసోని బటన్ ఒత్తుడే. రిమోట్‌కు తువ్వాల కనవడ్తదా?"

కనబడదు.

శవాన్ని పైకి తీశారు. కుడి అరచేయి నల్లగా కమిలి ఉంది. నీళ్లలో మునిగిన మోటరు, దాని కేబుల్ అతుకు దగ్గర టేపు ఊడి రాగి బయటపడింది. కరెంటు షాక్. అందులో డిటెక్టివ్ పని ఏమీ లేదు. బంద్ అయిందనుకున్న మోటర్‌లో కరెంటు ఎందుకుంది? పని అంతా అక్కడే.

అన్నను నీళ్లలో మొదట చూసి, ఫీజులు పీకింది మృతుడి తమ్ముడు దేవరాజ్. మోకాళ్ల దాకా బురద. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎన్ని గంటలకు పీకినవ్?"

"ఒంటిగంట ఐదుకు."

"అంత పక్కాగ ఎట్ల చెప్తవ్?"

"పీకంగనే కరెంటాఫీసుకు ఫోన్ కొట్టిన. టైమ్ చూసుకోండ్రి."

"పీకినప్పుడు ఏమన్న అయిందా?"

"నిప్పులు లేసినయ్ మేడం. అంటే మోటర్ నడుస్తనే ఉంది."

"సప్పుడు వినవడలేదా?"

"నీళ్లల్ల మునిగిన మోటరు ఏం సప్పుడు చేస్తది? పక్క చేన్ల జొన్నల మిషిని మోత. డబ్బల గుయ్యిమనేది ఎవనికి వినవడాలె?"

ఆగాడు. తర్వాత వేలు ఊరివైపు చాపి అరిచాడు.

"మా వదినె సంపింది మేడం! రిమోట్ ఆమె చేతిల ఉంది. మొన్న ఆదివారం ఇద్దరు గొంతులు పోయేటట్టు కొట్లాడిన్రు. గోడ అవుతల నేను విన్న. అన్న బాయిల దిగినంక ఆన్ ఒత్తింది. రాసుకోండ్రి!"

మాట నోటినుంచి ఊడిపడితే చాలు, ఊళ్లో దానికి కాళ్లొస్తాయి. సాయంత్రానికల్లా ఊరంతా అదే మాట.

*

బావికి ఇల్లు నాలుగు వందల మీటర్లు. నాగప్ప భార్య నర్సమ్మ వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పక్కన సబ్బుపెట్టెంత రిమోట్. పచ్చ బటన్ ఆన్. ఎర్ర బటన్ ఆఫ్.

"ఏం జరిగిందమ్మా?"

"పన్నెండున్నర దాటినంక చేను ఆ చివర పైపు కాడి నుంచి ఫోన్ చేసిండు. నీళ్లు సన్నగ వస్తున్నయ్, మోటర్ జాలీకి నాచు పట్టినట్టుంది, దిగి తీస్త, మోటర్ బంద్ చెయ్యి అన్నడు. ఒత్తిన. మూడుసార్లు ఒత్తిన."

"ఎర్రదేనా?"

"ఎర్రదే బిడ్డా. నా కండ్లు పోయినయా?"

"మోటర్ ఆగిందని ఎట్ల తెలుస్తది?"

"రిమోట్ మీద లైట్ మెరుస్తది."

"అది సిగ్నల్ ఇక్కడి నుంచి బయలుదేరిందని చెప్తది. అక్కడ చేరిందని చెప్పదు."

నర్సమ్మ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆయన పైపు చూసుకుంటడు. పైపుల నీళ్లు ఆగితే మోటర్ బంద్ అయినట్టు. మాకు గదే లెక్క."

శోభారాణి రిమోట్ తీసుకుంది. మోటరును పైకి తీసేశారు కాబట్టి, ఫీజులు తిరిగి వేయించి, వట్టి స్టార్టర్ మీదే టెస్ట్. రామ్‌కిషన్ డబ్బా దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం ఆరూ ఇరవై. పది సార్లు ఆన్. పది సార్లు ఆఫ్. ఒక్కటీ తప్పలేదు.

"పదికి పది మేడం. టకటక పడ్తుంది."

రాత్రి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. "రిమోట్ బాగానే ఉంది కదా. ఆమె ఆఫ్ ఒత్తకపోయి ఉండాలె, లేకుంటే ఆన్ ఒత్తి ఉండాలె. రెండిట్ల ఏదో తేల్చి పంపు."

చెప్పడం ఎంతసేపు!

*

ఏప్రిల్ పది. నాగప్పను మట్టి చేయడం అయిపోయింది. ఇంటినిండా చుట్టాలు. వాకిట్లో ఆడవాళ్లు గుసగుసలు కాదు, బాహాటంగానే అంటున్నారు. మొగుణ్ణి మింగిందట. ఆ మాట విననట్టు నర్సమ్మ నేలకేసి చూస్తోంది.

ఎస్సైని చూడగానే లేచింది. నిన్న రాని కంఠం ఇవాళ స్పష్టంగా వచ్చింది.

"మేడం, నేను ఒత్తలేదు. మర్చిపోయిన. పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు పోయిన. గట్లనే రాసుకో."

"నిన్న మూడుసార్లు ఒత్తిన అన్నవ్?"

"బయానికి అబద్ధం చెప్పిన."

"రాస్తే కేసయితది. జైలు."

"పోత."

శోభారాణికి ఒళ్లు మండింది. జాలి కూడా వేసింది. ఎనిమిదేళ్ల సర్వీసులో ఎన్నో వాంగ్మూలాలు రాసింది. రెండో రోజున జనం తప్పించుకునే మాట చెప్తారు. ఇరుక్కునే మాట చెప్పేవాళ్లుంటారా? ఇదెక్కడి లోకం!

నర్సమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఎస్సైని చూడలేదు. గుమ్మం వైపు చూసింది. అక్కడ ఒక అమ్మాయి చుట్టాలకు చెంబుతో నీళ్లు పోస్తోంది. ఇరవై ఏళ్లుంటాయి. ముఖంలో నెత్తురు లేదు.

"మీ అమ్మాయా?"

"త్రివేణి. పాలిటెక్నిక్ చదువుతది. ఎలక్ట్రానిక్స్, ఆఖరు సంవత్సరం." ఆ ఒక్క క్షణం ఆమె గొంతులో గర్వం తొంగిచూసి, వెంటనే భయమైంది. "దానికి ఏం తెల్వదు బిడ్డా. దాన్ని ఏం అడగకు."

ఎవరూ అడగలేదు. అడగకముందే వద్దన్నది. శోభారాణి ఆ మాట నోట్‌బుక్‌లో రాయలేదు. మనసులో రాసుకుంది.

నాగప్ప ఫోన్ బావి ఒడ్డున చొక్కా జేబులో దొరికింది. కాల్ లిస్ట్ తెరిచింది. పన్నెండూ నలభై ఒకటికి నర్సమ్మకు ఒక కాల్. ముప్పై ఒక్క సెకన్లు. పన్నెండూ నలభై నాలుగుకు మళ్లీ నర్సమ్మకే. ఇరవై రెండు సెకన్లు.

నర్సమ్మ చెప్పింది ఒక్క ఫోన్ సంగతే.

*

ఏప్రిల్ పదకొండు, ఉదయం పదిన్నర. జహీరాబాద్‌లో మోటర్ వైండింగ్ షాపు. హైవే మీద ముంబై లారీలు పోతుంటే షాపు రేకులు అదురుతున్నాయి. మెకానిక్ గురులింగప్ప బల్ల మీద నాగప్ప మోటరును విప్పి పెట్టాడు. ముప్పై ఏళ్లుగా మోటర్లు విప్పుతున్న మనిషి.

"చూడుండ్రి మేడం. కాపర్ అంత ఒక్కతీరుగ మాడింది."

"అంటే?"

"జాలీ మూసుకపోతున్నకొద్ది నీళ్లు లాగలేక తిప్పలు వడ్డది. గిట్ల మాడాలంటే తక్కువల తక్కువ అద్దగంట ఎడతెగకుండ నడవాలె."

"నడుమ ఒకసారి ఆపి మల్ల వేస్తే?"

"ఆపితే చల్లవడ్తది. అప్పుడు ఇట్ల సమంగ కాలదు. మచ్చలు మచ్చలు ఉంటది. ఈ మోటరు ఆగనే లేదు. నా మాట రాసుకోండ్రి, సంతకం వెడ్త."

శోభారాణి లెక్కేసింది. నాగప్ప దిగింది రెండో ఫోన్ తర్వాత, అంటే పన్నెండూ నలభై నాలుగు దాటాక. ఫీజులు పీకింది ఒంటిగంటా ఐదు. నడుమ ఇరవై ఒక్క నిమిషాలే. అరగంట మాడాలంటే, అతను దిగకముందు నుంచీ మోటర్ ఆగకుండా తిరగాలి.

ఎవరూ ఆన్ ఒత్తలేదు. హత్య కాదు.

మరి నర్సమ్మ నిజంగానే ఆఫ్ ఒత్తడం మర్చిపోయిందా?

అదే రోజు మధ్యాహ్నం పన్నెండూ యాభైకి మళ్లీ బావి దగ్గరికి పోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. స్టార్టర్ డబ్బా తెరవబోయింది. వేళ్లు చురుక్కుమన్నాయి.

"అబ్బా!"

చెయ్యి విదిలించుకుంటూనే ఆగిపోయింది. మొన్న టెస్ట్ చేసింది సాయంత్రం ఆరూ ఇరవైకి. అప్పుడు ఈ డబ్బా చల్లగా ఉంది. నాగప్ప చచ్చింది మిట్టమధ్యాహ్నం. ఇంత చిన్న సంగతి తట్టనందుకు తనను తాను తిట్టుకుంది.

కర్చీఫ్ చుట్టుకుని డబ్బా తెరిచింది. లోపల చిన్న పచ్చ బోర్డు. దాని మీద రూపాయి బిళ్లంత రేడియో మాడ్యూల్. మూత లోపలివైపు ఒక కాగితం ముక్క అతికించి ఉంది. పొందికైన చేతిరాత. 'బ్యాండ్‌విడ్త్ 270 నుంచి 134. మార్చి 16. టెస్ట్ ఓకే.'

శోభారాణి బీటెక్ చదివింది ఎలక్ట్రానిక్స్‌లోనే. ఈసీఈ చదివి పోలీసుల్లో ఎందుకు చేరావని అడిగేవాళ్లకు ఏనాడూ సరైన జవాబు చెప్పలేకపోయింది. ఆ అంకెలు మాత్రం చదవగానే అర్థమయ్యాయి. ఈ ఇంట్లో అవి రాయగలిగేది ఎవరో కూడా.

రామ్‌కిషన్‌ను డబ్బా దగ్గర పెట్టి, స్టార్టర్‌ను చేత్తో ఆన్ చేయించి, ఇంటి దగ్గరి నుంచి రిమోట్ ఒత్తింది. పది సార్లు ఆఫ్.

"ఎన్ని పడ్డయ్ రామ్‌కిషన్ గారూ?"

"ఒక్కటి గూడ పడలేదు మేడం. మీరు ఒత్తుతున్నరా, లేదా?"

వరండాలో నర్సమ్మ నిలబడి ఉంది. అంతా చూసింది. చుట్టాలు లోపల నిద్రలో ఉన్నారు. త్రివేణి ఇంట్లో లేదు.

"అమ్మా, నువ్వు ఒత్తినవ్. మూడుసార్లు ఒత్తినవ్. నాకు తెలిసింది."

నర్సమ్మ ఎస్సై రెండు చేతులూ పట్టుకుంది.

"నీ కాల్మొక్త బిడ్డా. నేను మర్చిపోయిన అనే రాయి."

"నిన్ను మొగుణ్ణి సంపినదానివి అంటున్నరు. ఊళ్లె ఎట్ల తిరుగుతవ్?"

"అననియ్. నేను ఇంకెన్ని దినాలు బతుకుత? నా పిల్లకు ఇరవై ఏండ్లు. నాయిన తన చేతుల పోయిండని తెలిస్తే అది ఎట్ల బతుకుతది? ఏ బాయిలనో పడ్తది. నాకు ఉన్నది అదొక్కతే."

తల్లిని విడిపించాలంటే మధ్యాహ్నం టెస్ట్ అందరి ముందూ చేయాలి. చేస్తే పిల్లకు తెలుస్తుంది. చేయకపోతే ఏ పాపమూ ఎరగని మనిషి జైలుకు పోతుంది. ఇదేం చావు!

"కాగితం నేను తీసేస్త. ఎండకు పాత డబ్బా పాడయిందని చెప్త. మీ అమ్మాయి పేరు రాదు. రేపు ఆమె కాలేజీకి పోతదా?"

"పరీక్ష ఉంది. పొద్దుగాలే పోతది."

"సరే. రేపు ఒంటిగంటకు."

*

ఏప్రిల్ పన్నెండు. మధ్యాహ్నం ఒంటిగంట. బావి ఒడ్డున దేవరాజ్, గురులింగప్ప, నర్సమ్మ, ఊరివాళ్లు ఇరవై మంది దాకా. ఇంటి దగ్గర రిమోట్ పట్టుకుని రామ్‌కిషన్.

శోభారాణి ఫోన్‌లో చెప్పింది. "ఒత్తుండ్రి."

చేత్తో ఆన్ చేసి పెట్టిన డబ్బా చుట్టూ అందరూ మూగారు. ఆఫ్. చప్పుడు లేదు. మళ్లీ ఆఫ్. లేదు. పది సార్లు. స్టార్టర్ కదల్లేదు.

"ఆడ ఒత్తుతున్నడా అసలు?" అన్నాడు దేవరాజ్.

"నువ్వే పోయి ఒత్తు."

పోయాడు. ఒత్తాడు. ఉరుక్కుంటూ వచ్చాడు. డబ్బా అలాగే గుయ్యిమంటోంది. దేవరాజ్ ముఖం పాలిపోయింది.

"మరి ఆనాడు పొద్దుమీకి పదికి పది పడ్డయ్ గదా మేడం?"

"పొద్దుమీకి డబ్బా చల్లగ ఉంటది. అందరం అక్కడే బోల్తా పడ్డం, నేను గూడ. వినుండ్రి."

వాళ్లకు అర్థమయ్యేలా చెప్పింది.

"రిమోట్ పంపే సిగ్నల్‌ను చెరుకు ట్రాలీ అనుకోండ్రి. చెరుకు అటు ఇటు బయటికి పొడుచుకొస్తది గదా? సిగ్నల్ గూడ నడిమి నుంచి అటు కొంత, ఇటు కొంత ఊగుతది. అది డీవియేషన్. ఈ డబ్బల రిసీవర్ ఉంది, అది గేటు. గేటు వెడల్పే బ్యాండ్‌విడ్త్. గేటు మరీ పెద్దగుంటే ట్రాలీతోటి పాటు పందులు, కుక్కలు అన్నీ జొరవడ్తయ్. ఆ లొల్లిల దూరం నుంచి వచ్చే ట్రాలీ కనవడదు. గేటు మరీ ఇరుకుంటే ట్రాలీ పట్టదు. ట్రాలీకి తగ్గ గేటు ఉండాలె."

"మరి ఇది తగ్గట్టు లేదా?"

"పొద్దుగాల ఉంది. పొద్దుగాల ఆన్ పడ్డది గదా. ఎండెక్కితే ఈ రేకు డబ్బల అరవై ఎనిమిది డిగ్రీలు. ఇప్పుడే చూసిన. ఆ వేడికి లోపలున్న క్రిస్టల్ తప్పుతది. అంటే గేటు ఉన్నకాడ ఉండదు, పక్కకు జరుగుతది. ట్రాలీ వచ్చి గోడకు తగులుతది. నర్సమ్మ ఆఫ్ ఒత్తింది. ఆ మాట ఇక్కడికి చేరలేదు. పాత డబ్బా, ఎండకు పాడయింది. అంతే. ఎవరి తప్పూ లేదు."

దేవరాజ్ తల అడ్డంగా ఊపాడు. మొండివాడు. తెలివి తక్కువవాడు మాత్రం కాదు.

"ఎండలు కొత్తయా మేడం? రెండేండ్ల సంది ఈ డబ్బా ఈడనే ఉంది. పోయినేడు ఎండకాలం మంచిగనే నడిచింది. ఈ ఏడే ఎందుకు పాడైతది?"

నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గేటు నేను చిన్నగ చేసిన కాకా."

అందరూ వెనక్కి తిరిగారు. చెరుకు గట్టు మీద త్రివేణి. భుజాన కాలేజీ బ్యాగు.

"నువ్వు పరీక్షకు పోలేదా?" నర్సమ్మ కేక వేసింది.

"పోయిన. కాగితం ముందు కూసున్న. ఏం రాయబుద్ధి కాలేదు. వచ్చిన." ముందుకు నడిచి వచ్చింది. డబ్బాలోకి చూసింది. "కాగితం లేదు. ఎవరు తీసిన్రు?"

జవాబు కోసం ఆగకుండా తనే చెప్పుకుపోయింది.

"గేటు రెండు వందల డెబ్బై కిలోహెర్ట్జ్ ఉండె. అందుకే ఇంటి నుంచి ఒత్తితే అందకపోవు. నాయిన సగం దూరం నడిచొచ్చి ఒత్తాల్సి వచ్చేది. ఆయనకు మోకాలు నొప్పి. రిమోట్ పెట్టె సీల్ వేసి ఉంది, దాన్ని ముట్టలేం. కాలేజీల కొలిచిన. ట్రాలీ అటు నలభై ఐదు, ఇటు నలభై ఐదు. ఇంక డేటా వేగానికి ఐదు. మొత్తం తొంభై ఐదు. మాడ్యూల్ల దానికి పైమెట్టు నూట ముప్పై నాలుగు. అది పెట్టిన." వేళ్ల మీద లెక్కపెడుతోంది. "ముప్పై తొమ్మిది మిగులు గూడ ఉంచిన మేడం. అటు పంతొమ్మిది, ఇటు పంతొమ్మిది. చాలనుకున్న. ల్యాబ్‌ల పనిచేసింది. మార్చిల ఈడ పనిచేసింది. ల్యాబ్‌ల... ల్యాబ్‌ల ఫ్యాన్ ఉంటది."

"నువ్వు చేసింది పుస్తకం ప్రకారం సరైందే త్రివేణీ," అంది శోభారాణి. "ఈ వేడికి గేటు ముప్పై కిలోహెర్ట్జ్ దాకా జరుగుతది. అది ఇంజనీర్లకు గూడ తప్పిపోతది."

"నా పేరు రాయుండ్రి మేడం. అమ్మను ఏం అనకుండ్రి."

"నేనే మర్చిపోయిన! నేనే!" నర్సమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వు ఏం మర్చిపోయినవే అమ్మా? నువ్వు పాలపాకెట్ తేదీ గూడ మర్చిపోవు."

ఎస్సై గట్టిగా అంది. "రాసేది నేను. ఇది ప్రమాదం. గంతే రాస్త. ఇద్దరి పేర్లూ తప్పు కింద రావు."

త్రివేణి ఆ మాట విన్నట్టు లేదు. తల్లి ముందు నిలబడింది.

"అమ్మా. ఇంతకముందు గూడ ఇట్లయిందా?"

నర్సమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నిజం చెప్పు. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టాక ఇంకేం దాచగలదు ఆ తల్లి?

"వారం సంది అయితుండె. పగటిపూట ఒత్తితే బంద్ కాకపోవు. నీళ్లు వస్తనే ఉండు. మీ నాయిన బాయి కాడికి నడిచిపోయి చేత్తోని బంద్ చేసెటోడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్త అన్న. ఆదివారం నాడు గదే లొల్లి. పిల్లకు చెప్తె సరిచేస్తది అన్న. వద్దంటే వద్దన్నడు. దానికి పరీక్షలు, మనసు పాడైతది, పరీక్షలయినంక నేనే చెప్త అన్నడు. 'ఊరంత నా బిడ్డ చేసింది అని చెప్పుకున్న, రెండడుగులు నడిస్తే నా కాళ్లేం అరిగిపోతయా' అన్నడు."

దేవరాజ్ అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. గోడ అవతల అతను విన్న కొట్లాట అదే.

"నా నోరు పడిపోను వదినె. నా నోట్ల మన్నువడ."

అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. శోభారాణికి ఇంకొక్కటే మిగిలింది. అడగాలని లేదు. అడగకపోతే కేసు మూతపడదు.

"నర్సమ్మా. వారం సంది బంద్ కావట్లేదని ఆయనకు తెలుసు. తెలిసి గూడ ఆ రోజు ఎందుకు దిగిండు? పన్నెండు నలభై నాలుగుకు మల్ల నీకు ఫోన్ చేసిండు. ఏమన్నడు?"

"అది అడగకు బిడ్డా."

"చెప్పమ్మా," అంది త్రివేణి.

నర్సమ్మ కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుంది.

"నీళ్లు ఆగినయ్ నర్సా అన్నడు. ఇయ్యాల నేను బాయి కాడికి పోకముందే బందయింది అన్నడు. గంత సంబురం ఎన్నడు చూడలే. 'నేను చెప్పలే? నా పిల్ల చేసింది ఉత్తగ పోతదా? నడుమ ఏదో జర మొరాయించింది, గంతే. ఇగ దానికి చెప్పే పనే లేదు' అన్నడు. నవ్విండు. పెట్టేసిండు."

గురులింగప్ప తల దించుకున్నాడు. నీళ్లు ఎందుకు ఆగాయో అక్కడ అందరికంటే బాగా తెలిసింది అతనికే. జాలీ పూర్తిగా మూసుకుపోయింది. ఆ రోజు, సరిగ్గా ఆ మూడు నిమిషాల్లో. పైపు చూసి మోటర్ బంద్ అయిందనుకునే మనిషికి పైపు అబద్ధం చెప్పింది.

పక్క చేన్లో జొన్నల మిషిని మోత ఆగలేదు.

త్రివేణి ఏడవలేదు. తల్లి పక్కన మట్టిలో కూర్చుంది. అడిగింది.

"నవ్విండా?"

"నవ్విండు బిడ్డా."

"మల్లొకసారి చెప్పు."

నర్సమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కూతురి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, నీళ్లు ఆగినయ్ నర్సా అన్నకాడి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.